రచయిత పోయాక షష్టిపూర్తి

కట్ట విప్పగానే మొదటి ఆకు ఖాళీగా కనిపించింది. రెండోదీ అంతే. మూరెడుకు కాస్త తక్కువ పొడవు, రెండు వేళ్ల వెడల్పు, పాత బెల్లం రంగు. ఫోన్ నిటారుగా పట్టి ఫోటో తీస్తే ఎండిన తాటాకు తప్ప మరేమీ పడలేదు. పక్కన నిలబడి చూస్తున్న అటెండరు నవ్వాడు. "పైనుంచి కాదు సామీ, లైటు పక్కనుంచి పట్టండి" అంటూ టేబుల్ లైటు మెడ వంచి, వెలుతురు ఆకు మట్టానికి అడ్డంగా పారేలా పెట్టాడు. అంతే, గీతల్లో నీడలు నిండి ఆకు మీద ఏడు వరుసల అక్షరాలు లేచాయి. గంటంతో గీసి, మసి పుయ్యకుండానే కట్టేసిన ప్రతి అది. ఎవరో రాశారు గానీ, చదువుకునేందుకు వీలుగా నలుపు అద్దే తీరిక లేకపోయింది.

ఆ కట్టలోని 12 ఆకుల ఫోటోలు చేతికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ గ్రంథాలయం పేరు ఇక్కడ అనవసరం. "కాపీరైట్ ఉంటుంది, ఇవ్వకూడదు" అన్నారు ఒకరు. "డైరెక్టరు గారు సెలవులో ఉన్నారు" అన్నారు ఇంకొకరు. రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. మొదటి మాటకు మాత్రం ఉంది, అంకెలతో సహా.

ఈ కథనం తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత గ్రంథాల జోలికి వెళ్లాలనుకునే వాళ్ల కోసం. రీసెర్చ్ స్కాలర్లే కానక్కర్లేదు. ఊరి చరిత్ర రాస్తున్న రిటైర్డు మాస్టారు కావచ్చు, తాతగారి యక్షగానం వెతుక్కుంటున్న మనవరాలు కావచ్చు. తిరుపతిలో ఇందుకు తట్టవలసిన తలుపుల్లో మొదటిది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ. ఇది విశ్వవిద్యాలయం కన్నా వయసులో పెద్దది. తిరుమల తిరుపతి దేవస్థానం దీన్ని 1939లో నెలకొల్పింది. విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, సంస్థ 1956లో దాని చేతికి వెళ్లింది. 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా మొదలై 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన సంస్థ రెండోది. ఈ రెండు చోట్లా తాళపత్రాలున్నాయి, కాగితపు రాతప్రతులున్నాయి. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన అవి తెలుగు గ్రంథాలే అయి ఉంటాయని అనుకోవద్దు. తెలుగు లిపిలో రాసిన సంస్కృతం మన దగ్గర కొల్లలు. గ్రంథ లిపి, నందినాగరి కట్టలూ తగులుతాయి.

ఎన్ని ప్రతులున్నాయని అడిగితే ఒక్కో చోట ఒక్కో సంఖ్య వినిపిస్తుంది. అందులో మోసమేమీ లేదు. ఒకరు కట్టలు లెక్కపెడతారు, ఇంకొకరు కట్టలోని కృతులు లెక్కపెడతారు. ఒకే కట్టలో ఒక శతకం, సగం అమరకోశం, వైద్యం మీద నాలుగు ఆకులు, ఎవరి జాతకమో ఉంటాయి. కట్ట ఒకటే, కృతులు నాలుగు. మీరు అడగవలసింది కృతి సంఖ్య. అది లేకుండా "ఆ పాత భాగవతం" అని అడిగితే అటెండరు మీ వైపు చూసే చూపు నాకు తెలుసు.

తిరుపతికి ప్రతులు తీయడం కొత్త విద్య కాదు. మద్రాసులో 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో ఏ.డి. క్యాంబెల్ ఒక ముచ్చట చెప్పాడు. తిరుపతిలో వేల రాగిరేకుల మీద తెలుగు వ్యాకరణం చెక్కి ఉందని పండితులు చెప్పుకుంటుంటే విని, తెలిసిన మనిషిని పంపి పరీక్ష చేయించాడు. అక్కడ ఉన్నవి దాదాపు అన్నీ దేవుడి మీద పాటలేనని తేలింది. దొరకు కావలసింది వ్యాకరణం, కనుక కథ అక్కడితో ముగిసింది. ఆ రేకులు తాళ్లపాక వారివేనని పరిశోధకులు భావిస్తారు. ఆ పాటల మీద మళ్లీ గట్టిగా చూపు పడి, దేవస్థానం వాటిని పరిష్కరించి అచ్చు వేయించే పని మొదలయ్యే సరికి నూరేళ్లు దాటిపోయాయి.

ఆ తాళ్లపాక ఇంటి అన్నమాచార్యుడు 1408లో పుట్టి 1503లో కన్నుమూశాడు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రసిద్ధి. దొరికినవి 12 నుంచి 14 వేలు. అంటే పైలెక్క ప్రకారం చూసినా నూటికి 44 మించవు. ఆ మిగిలినవైనా ఎందుకు మిగిలాయి? తాటాకుల మీద ఉన్నవాటిని ఆ ఇంటివాళ్లు రాగిరేకులకు ఎక్కించారు కాబట్టి. తాటాకు బాగా చూసుకుంటే మూడు నాలుగు వందల ఏళ్లు ఉంటుంది, చూసుకోకపోతే నాలుగు వానాకాలాలు చాలు. మన సాహిత్యంలో ఏ పాత కావ్యం తీసుకున్నా, కవి స్వయంగా రాసిన ఆకు మన చేతిలో లేదనే చెప్పాలి. ఉన్నది ప్రతికి ప్రతికి ప్రతి. నకలు తీయడం అంటే పుస్తకానికి ఏదో అపచారం జరుగుతున్నట్టు ముఖం పెట్టే వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. వాళ్ల అల్మరాల్లో ఉన్నవన్నీ నకళ్లే.

పక్కనే కడపలో సి.పి. బ్రౌన్ చేసిందీ ఇదే. పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒక్కో గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే వెనుక ఉన్నది ఆ నకళ్ల కార్ఖానాయే. ఆయన పోగుచేసిన ప్రతులు ఇప్పుడు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో ఉన్నాయి. 1869లో పుట్టిన ఆ సంస్థలో 70 వేలకు పైగా రాతప్రతులున్నాయి. వేటూరి ప్రభాకర శాస్త్రి చాలా ఏళ్లు అక్కడే పనిచేసి, ఆ అనుభవంతో తిరుపతి వచ్చి తాళ్లపాక సాహిత్యం మీద కూర్చున్నారు.

ఇక కాపీరైట్ సంగతి. ఇందులో గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కటే, 60. మనకు బతికుండగా అరవై నిండితే షష్టిపూర్తి. కాపీరైట్ చట్టానికి మాత్రం రచయిత పోయాక మొదలవుతుంది లెక్క. 1957 నాటి చట్టం 22వ సెక్షన్ ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ తర్వాత అది అందరి సొత్తు.

ఈ 60 మొదట్నుంచీ ఉన్నది కాదు. అంతకు ముందు 50. మారడానికి కారణం మన మదనపల్లెకు అతిథిగా వచ్చిన ఒక పెద్దమనిషి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషు చేశారు. ఆ అసలు కాగితం అమెరికా చేరిందని, కాలేజీలో మిగిలింది నకలేనని ఊళ్లో చెబుతారు. ఆయన 1941 ఆగస్టులో కన్నుమూశారు. 50 ఏళ్ల లెక్కన 1991 డిసెంబరు 31 అర్ధరాత్రితో ఆయన రచనలన్నీ అందరివీ కావలసింది. ఆ హక్కులు చేతిలో ఉన్న విశ్వభారతి గగ్గోలు పెట్టింది. గడువుకు మూడు రోజుల ముందు, డిసెంబరు 28న, ఆర్డినెన్సు వచ్చి 50 కాస్తా 60 అయింది. ఒక్క కవి కోసం దేశంలోని రచయితలందరికీ పదేళ్లు కలిశాయి. ఠాగూర్ రచనలు చివరికి 2002 జనవరి 1న అందరివీ అయ్యాయి.

తిరుపతి లెక్కలే రెండు చూద్దాం. వేటూరి ప్రభాకర శాస్త్రి 1950లో పోయారు. ఆయన రచనల మీద హక్కు 2010 చివరితో తీరింది. 2011 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. తిరుపతిలోనే పనిచేసి ఎన్నో అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ 1979లో పోయారు. 1929లో అచ్చయిన ఆయన 'వేమన' ఎంత పాతదైనా, ఎంత అరుదైనా, 2039 డిసెంబరు 31 వరకు హక్కు ఉన్నట్టే. పుస్తకం వయసు చూసి మోసపోకండి. రచయిత ఎప్పుడు పోయారో చూడండి. ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వమో, చట్టం ద్వారా ఏర్పడ్డ సంస్థో తన సొంత హక్కుతో వేసిన పుస్తకమైతే, 60 ఏళ్లు ప్రచురణ సంవత్సరం తర్వాత నుంచి లెక్క. అలాంటి సంస్థలు జీతం ఇచ్చి రాయించుకున్నవి చాలావరకు ఈ గంపలోకే వస్తాయి.

మరి అన్నమయ్య? మొల్ల? 18వ శతాబ్దపు యక్షగానం? వాటి మూలం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఉండదు. కాని మూలాన్ని పరిష్కరించిన పండితుడు రాసిన పీఠిక, వ్యాఖ్య, అధోజ్ఞాపికలు ఆయనవి. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఇలాంటి గీతే గీసింది. కోర్టు తీర్పుల అసలు పాఠం అందరిదీ, దానికి బుద్ధి పెట్టి చేర్చినదాని మీదే హక్కు అంది. ఆ కొలతనే పెడితే, పద్యం అందరిది, పద్యం కింద నోటు పండితుడిది.

రాతప్రతుల విషయంలో చట్టం ఇంకా ఉదారంగా ఉంది. ఇది గ్రంథాలయ సిబ్బందిలో కూడా చాలామంది చదవని చోటు. సెక్షన్ 52(1)(పి) ఏమంటుందంటే, జనానికి ప్రవేశం ఉన్న గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అచ్చుకాని రచనను పరిశోధన కోసం, సొంత చదువు కోసం, చివరికి ప్రచురించే ఉద్దేశంతో కూడా నకలు తీసుకోవచ్చు. అది హక్కుల ఉల్లంఘన కాదు. షరతు ఒక్కటే. రచయిత ఎవరో ఆ గ్రంథాలయానికి తెలిసి ఉంటే, ఆయన పోయి 60 ఏళ్లు దాటాలి. ఎవరో తెలియకపోతే ఆ షరతూ లేదు. కనుక పేరు తెలియని లేఖకుడు రాసిన తాటాకు వైద్యగ్రంథానికి "కాపీరైట్" అని అడ్డం చెప్పడం చట్టంలో లేని మాట.

అరుదైన అచ్చుపుస్తకాలకు దాని ముందున్న క్లాజు, 52(1)(ఓ). లాభాపేక్ష లేని పబ్లిక్ గ్రంథాలయం, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి తన వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీయించుకోవచ్చు. మీ చేతుల్లో పొడి రాలుతున్న 1905 నాటి పుస్తకం పెట్టి "జాగ్రత్తండీ" అనే బదులు, ఒక నకలు తీయించి దాన్నే చదవమని ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. 2012 సవరణతో ఇంకో వెసులుబాటు వచ్చింది. గ్రంథాలయం దగ్గర పుస్తకం ఉంటే భద్రత కోసం దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకోవచ్చు. ఇవి కాక, సొంత చదువుకూ పరిశోధనకూ న్యాయమైన మేరకు నకలు తీసుకునే వీలు పాఠకుడికి ఎప్పుడూ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్సు షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా చదువు వైపే మొగ్గింది.

ఇంత చెప్పాక గ్రంథాలయం వైపు కూడా చెప్పాలి. కాపీరైట్ లేకపోయినా ఆకు వాళ్ల కస్టడీలో ఉంది. ఆకు విరిగితే మళ్లీ రాదు. "ఇది పెళుసుగా ఉంది, ఇవాళ విప్పం" అనడం సరైన కారణం. "మా దగ్గర దీని స్కాన్ ఉంది, అదే చూడండి" అనడం ఇంకా మంచిది. గైడు ఉత్తరం, గుర్తింపు కార్డు, ఎందుకోసమో ఒక దరఖాస్తు, అచ్చు వేస్తే సంస్థ పేరూ ప్రతి సంఖ్యా వేస్తామని హామీ పత్రం, వేశాక ఒకటి రెండు పుస్తకాలు ఇవ్వడం, ఇవి అడిగితే అడగనివ్వండి. నాకైతే వీటిలో ఏదీ అన్యాయంగా తోచలేదు. తోచిందల్లా ఒకటే, కారణం చెప్పకుండా తిప్పడం. అందుకే దరఖాస్తు రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి, కాదంటే ఎందుకో దాని మీదే రాసిమ్మనండి. మర్యాదగానే అడగండి. చాలాసార్లు ఆ ఒక్క మాటతో ఫైలు కదులుతుంది.

లోపలికి వెళ్లాక పెన్ను జేబులోంచి తీయొద్దు, పెన్సిలే వాడండి. చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. నూనె రాసుకున్న తల మీద చెయ్యి పెట్టి ఆకు తిప్పొద్దు. వేలు తడి చేసుకునే అలవాటుంటే ఆ రోజుకు మానుకోండి. కట్ట విప్పేటప్పుడు పైపలక ఏ వైపు ఉందో, తాడు ఎలా చుట్టారో ముందే ఒక ఫోటో తీసి పెట్టుకుంటే, తిరిగి కట్టేటప్పుడు అటెండరును పిలవక్కర్లేదు. ఆకును తాడు మీద జరుపుతూ తిప్పాలి, లాగకూడదు. లాగితే చిరిగేది ఆ రంధ్రం దగ్గరే. జెరాక్సు మిషను మాట ఎత్తొద్దు. తాటాకును అద్దం మీద బోర్లించి మూత అదిమితే టక్కున విరుగుతుంది. పాత కాగితపు పుస్తకమైతే వెన్ను పోతుంది.

ఫోటోకి వద్దాం. ఇక్కడ కాస్త గుణకారం అవసరం. 40 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఆకును తీసుకోండి. అంగుళానికి 600 చుక్కల నాణ్యతతో ఒక పక్క స్కాన్ చేస్తే 9,449 చుక్కల పొడవు, 945 చుక్కల వెడల్పు. మొత్తం 89 లక్షల చుక్కలు. రంగుతో సహా కుదించకుండా దాస్తే ఒక్కో చుక్కకు మూడు బైట్లు, అంటే 27 మెగాబైట్ల దగ్గర తేలుతుంది. నూరు ఆకుల కట్టకు రెండు పక్కలూ కలిపి 200 ఫోటోలు, 5.4 గిగాబైట్లు. కట్ట మొత్తం ఒక చిన్న పెన్‌డ్రైవులో పడుతుంది. అదే వెయ్యి కట్టలైతే 5.4 టెరాబైట్లు. ఒక చోట పోతే ఇంకో చోట ఉండేలా మూడు ప్రతులు దాచాలంటే 16 టెరాబైట్లు. బజారులో దొరికే హార్డ్‌డిస్కులు నాలుగైదు. తాళపత్రాలు స్కాన్ చేయడానికి కంప్యూటర్ల ఖర్చు అడ్డం అంటే ఇక నమ్మకండి. అడ్డం మనుషులు. విప్పేవాళ్లు, తుడిచేవాళ్లు, ఏ ఆకు తర్వాత ఏ ఆకో చూసేవాళ్లు, అన్నిటికీ మించి ఆ లిపి చదివి ఇది ఫలానా గ్రంథమని పేరు రాసేవాళ్లు. పేరు లేని ఫోటో అల్మరాలోని కట్ట కన్నా ఘోరంగా తప్పిపోతుంది.

మీ చేతిలో ఉన్నది ఫోన్ మాత్రమే అయితే? సాధారణంగా ఫోన్ ఇచ్చేది 12 మెగాపిక్సెల్ ఫోటో, పొడవు 4,000 చుక్కలు. మొత్తం ఆకు ఒక్క ఫోటోలో పట్టిస్తే అంగుళానికి 254 చుక్కలు పడతాయి. చదవడానికి చాలు, దాచిపెట్టుకోవడానికి చాలదు. ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి, మధ్యలో నాలుగు వేళ్ల మేర రెండింటిలోనూ వచ్చేలా తీస్తే 400 దాటుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి, ఆకు సంఖ్య కనిపించనివ్వండి. ఆ సంఖ్య తరచు ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఉంటుంది. ౨, ౩, ౭ గుర్తుపట్టడం ఇంటి దగ్గరే నేర్చుకుని వెళితే పరువు దక్కుతుంది.

ఫ్లాష్ వద్దు. వెలుతురు బాగుంటుందని వరండాలోకి తీసుకెళ్లడం అసలే వద్దు. ఇలాంటి సున్నితమైన వస్తువుల మీద పడే వెలుతురు 50 లక్సులు దాటకూడదని మ్యూజియంల లెక్క. మే నెల తిరుపతి ఎండ దాదాపు లక్ష లక్సులు. అంటే ఎండలో ఒక గంట, గదిలో 2,000 గంటలకు సమానం. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 250 పనిదినాలు. ఏడాది పాటు జనం చూడగలిగిన ఆకును ఒక గంటలో ఖర్చుపెట్టినట్టు.

ఇంత చేసి ఎంత మిగిలిందో చూడండి. నూరు ఆకుల కట్టను చేత్తో రాసుకునే లేఖకుడు రోజుకు ఐదు పక్కలు రాస్తాడనుకున్నా 40 రోజులు. ఫోటోకి నిమిషం చొప్పున తీస్తే మూడు గంటల 20 నిమిషాలు. పాత లేఖకుడు కష్టపడి రాసి, చివర తన పేరూ ఊరూ సంవత్సరమూ వేసి, తడవకుండా, కట్టు సడలకుండా చూసుకొమ్మని చదివేవాడిని బతిమాలుకునేవాడు. మనం మూడు గంటల్లో తీసి, ఫోన్ మార్చినప్పుడు పోగొట్టుకుంటున్నాం.

ఆ చివరి ఆకులోనే ఇంకో 60 దాగి ఉంటుంది. లేఖకుడు "విజయ నామ సంవత్సరం" అని రాస్తాడు. ఏ విజయ? 1833, 1893, 1953 మూడూ విజయలే. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 తిరిగితే మళ్లీ మొదటికొస్తాం. మాసం, తిథి, వారం కలిపి ఇచ్చి ఉంటే పంచాంగంతో సరిచూసి తేల్చవచ్చు. వారం వేయని లేఖకుడి మీద కోపం రావడం సహజం. అందుకే ఎన్ని ఫోటోలకు అనుమతి దొరికినా మొదటి ఆకు, చివరి ఆకు మాత్రం వదలకండి.

దేశం మొత్తం మీద చూస్తే కోటి రాతప్రతులు ఉంటాయని అంచనా. జాతీయ రాతప్రతుల మిషన్ 2003లో మొదలైంది. 75 ఏళ్లు దాటిన చేతిరాత గ్రంథాన్ని అది రాతప్రతిగా లెక్కవేసింది. రెండు దశాబ్దాల్లో సుమారు 52 లక్షల ప్రతుల వివరాలు నమోదు చేసింది. అప్పటికి స్కాన్ అయినవి సుమారు మూడున్నర లక్షలు. నమోదైన వాటిలోనే నూటికి ఏడు. వాటిలోనూ ఇంట్లో కూర్చుని ఎవరైనా తెరిచి చూడగలిగేవి ఇంకా తక్కువ. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో 'జ్ఞాన భారతం' పేరుతో కోటికి పైగా ప్రతులను సర్వే చేసి కాపాడతామని ప్రకటించి, మూడున్నర కోట్లున్న కేటాయింపును 60 కోట్లకు పెంచారు. పెంచడం మంచిదే. భాగించి చూస్తే ఆ ఏడాదికి ప్రతికి 60 రూపాయలు. తిరుపతి హోటల్లో ఒక దోసె. ఏళ్ల తరబడి ఇదే చొప్పున ఇస్తే పని జరుగుతుందేమో గానీ, ఒక్క ఏడాది ఉత్సాహంతో మాత్రం తాటాకు నిలవదు.

చిత్తూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకు ముందు ఈ నేలలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు, మదనపల్లె వైపు కడప. కనుక మీ ఊరి 19వ శతాబ్దపు ఫైలు చిత్తూరు కలెక్టరేట్లో వెతికితే దొరక్కపోవచ్చు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. తిరుమల గుడి 1801 నుంచి 1843 వరకు కంపెనీ అజమాయిషీలో ఉన్నప్పటి కాగితాలకూ మొదట వెతకవలసిన చోటు అదే. పాత అచ్చు తెలుగు పుస్తకాలకు 1896 నుంచి ఉన్న కన్నెమరా గ్రంథాలయం, రాతప్రతులకు కొట్టూరుపురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రాచ్యలిఖిత పుస్తకాలయం. తిరుపతిలో తెల్లవారుజామున రైలెక్కితే తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉంటారు. కాక్స్ 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ మాత్రం ఇంటర్నెట్లో ఉచితంగా ఉంది, దానికోసం రైలు ఖర్చు దండగ.

చివరగా, కట్ట మీ ఇంట్లోనే ఉంటే. చంద్రగిరి, పుంగనూరు, కాళహస్తి వైపు పాత ఇళ్లలో దేవుడి గూట్లోనో అటక మీదో ఎర్రగుడ్డలో చుట్టి ఇవి ఇంకా కనిపిస్తాయి. సరస్వతీ పూజ నాడు పసుపు నీళ్లు చల్లే వాళ్లున్నారు. చదివే వాళ్లు లేరు కదా అని ఏట్లో వదిలేసిన వాళ్లూ ఉన్నారు. రెండూ చేయకండి. ఎండబెట్టకండి, వంటనూనె పుయ్యకండి. తాళపత్రాలకు వాడేది నిమ్మగడ్డి నూనె, అదీ తెలిసిన చేతితోనే. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, 1972 నాటి ఆ చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించడం నేరం. కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయికి సూట్‌కేసులో పెట్టి పంపొద్దు. కట్టను తిరుపతిలో మొదట చెప్పిన రెండు సంస్థల్లో దేనికైనా తీసుకెళ్లి చూపించండి. ఇచ్చెయ్యమని అడిగినా ఇవ్వక్కర్లేదు, అది మీది. ముందు అందులో ఏముందో చదివించుకోండి, ఫోటోలు తీయించుకోండి, ఒక సెట్టు వాళ్ల దగ్గర ఉంచి ఒకటి మీరు తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు గుడ్డ సంచీలో పెట్టుకుని వెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడుతుంది.